గుంజ లేనిదే ఎద్దు నిలవదు.. ఎంజైము కూడా అంతే!

ఇసుక రేణువుకు ఎంజైమును కట్టేసి ఫ్యాక్టరీలు లాభపడుతున్నాయి. మన నల్లరేగడి ఆ పని ఎప్పటినుంచో చేస్తోంది. ఈ సంగతి తెలిస్తే యూరియా వృథా తగ్గుతుంది, డబ్బాల మందుల ఖర్చూ తగ్గుతుంది.

నారాయణఖేడ్: మొన్న అంగడి రోజున కంగ్టి వైపు నుంచి వచ్చిన ఒక రైతు చేతిలో చిన్న డబ్బా పట్టుకుని కనిపించాడు. మూడెకరాల రేగడిలో పత్తి, కంది వేసిన మనిషి. ‘‘సారూ, ఇవి ఎంజైము గుళికలంట. ఎకరానికి ఒక్క డబ్బ ఏస్తే యూరియా సగం తగ్గియ్యొచ్చంటున్నడు దుకాణం ఆయన. ఇసుక లెక్కనే ఉన్నయి. నిజంగ పని చేస్తదా?’’ అని అడిగాడు.

‘‘కొన్నవా అన్నా?’’ అంటే, ‘‘ఇంక లేదు. చూసి చెప్తనని తెచ్చిన’’ అన్నాడు.

మంచి పని చేశాడు. ఎంజైము అనేది అబద్ధం కాదు. దాన్ని ఇసుకలాంటి రేణువుకు అంటించడమూ అబద్ధం కాదు. ప్రపంచంలో పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు ఆ పద్ధతి మీదే నడుస్తున్నాయి. అయితే ఫ్యాక్టరీలో పని చేసేది పొలంలోనూ అలాగే పని చేస్తుందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు తెలియాలంటే ముందు ఎంజైము అంటే ఏమిటో చూడాలి.

ఎంజైము అంటే?

పొద్దున్నే పశువుల కొట్టంలోకి పోతే ముక్కు అదిరే ఘాటు వాసన వస్తుంది. అది అమ్మోనియా. పశువు మూత్రంలో ఉండేది యూరియా. యూరియాకు వాసన లేదు. మరి వాసన ఎక్కడిది? కొట్టంలోని మట్టిలో, పేడలో ఉండే సూక్ష్మజీవులు ‘యూరియేజ్’ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. అది యూరియాను విరిచి అమ్మోనియాగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. ఈ యూరియేజ్ ఒక ఎంజైము.

ఎంజైము జీవి కాదు. జీవి తయారు చేసుకున్న పనిముట్టు. పని జరిపిస్తుంది కానీ తాను అరిగిపోదు. ఒక యూరియా అణువును విరిచి వదిలేసి ఇంకోదాన్ని పట్టుకుంటుంది. ఇలాంటి వాటినే శాస్త్రవేత్తలు జీవ ఉత్ప్రేరకాలు అంటారు. యూరియేజ్ లేకపోతే మామూలు నీళ్లలో యూరియా విరగడానికి సంవత్సరాలు పడుతుంది. అది ఉంటే పదునున్న వెచ్చటి నేలలో కొద్ది రోజుల్లోనే పని పూర్తవుతుంది.

జొన్నలు మొలకెత్తితే తియ్యగా మారేది ఎంజైము వల్లే. బొప్పాయి కాయను గీరితే కారే పాలలో మాంసాన్ని మెత్తబరిచే గుణం కూడా ఎంజైముదే, దాని పేరు పపైన్. మన కడుపులో అన్నం అరిగేదీ ఎంజైములతోనే.

ఎంజైముకు బలహీనత కూడా ఉంది. ఎక్కువ వేడి తగిలితే చచ్చుబడుతుంది. ఎక్కువ పులుపు, ఎక్కువ క్షారం పడదు. నీళ్లలో కరిగి కొట్టుకుపోతుంది. సూక్ష్మజీవులు దాన్నే తినేస్తాయి కూడా.

కట్టేయడం ఎందుకు?

ఫ్యాక్టరీలో ఎంజైమును తొట్టిలో కలిపారనుకుందాం. పని అయిపోయింది. సరుకు తీసేటప్పుడు ఎంజైము కూడా దాంట్లోనే కలిసి పోతుంది. మళ్లీ కొత్త ఎంజైము కొనాలి. హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) తవుడు నూనెలో జిగురు తీయడానికి ఎంజైము పద్ధతిని రూపొందించింది. మంచి పద్ధతే. కానీ కట్టేయని ఎంజైమును అలా వాడినప్పుడు ఒక్కసారితోనే దాని పని సరి.

ఎద్దును పనికి తోలి, సాయంత్రం అడవిలో వదిలేసి, మర్నాడు కొత్త ఎద్దును కొన్నట్టు ఉంటుంది ఈ లెక్క. ఎవరైనా ఏం చేస్తారు? గుంజ పాతి పలుపుతో కట్టేస్తారు. ఎంజైము విషయంలోనూ శాస్త్రవేత్తలు అదే చేశారు.

1916లో అమెరికాలో నెల్సన్, గ్రిఫిన్ అనే ఇద్దరు చక్కెరను విరిచే ఎంజైమును బొగ్గు పొడికి అంటిస్తే, అంటుకున్నాక కూడా అది పని చేస్తోందని గమనించారు. తర్వాత చాలా ఏళ్లకు, 1969లో అమెరికాలోని కార్నింగ్ గాజు కంపెనీ శాస్త్రవేత్త వీటాల్, పపైన్‌ను సన్న రంధ్రాలున్న గాజు రేణువులకు ఊడిపోకుండా కట్టి చూపించాడు. గాజు అంటే చాలావరకు సిలికాయే. సిలికా అంటే ఇసుకలో ఉండే పదార్థం. అదే ఏడాది జపాన్‌లోని తనబే కంపెనీ కట్టేసిన ఎంజైముతో ఫ్యాక్టరీ స్థాయిలో పని మొదలుపెట్టింది. అయితే వాళ్లు వాడిన గుంజ సిలికా కాదు, వేరే పదార్థం.

ఇసుకే ఎందుకు?

సిలికా కుళ్లదు. సూక్ష్మజీవులు దాన్ని తినలేవు. నీళ్లలో నానినా ఉబ్బి మెత్తబడదు. పైనుంచి బరువు పడినా నలగదు. దొరకడమూ కష్టం కాదు. వరి ఊకలో కూడా సిలికా ఉంది. నూరు కిలోల ఊకను కాలిస్తే సుమారు 20 కిలోల బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో చాలా భాగం సిలికాయే.

అయితే వాగులో ఇసుక పనికి రాదు. అది గట్టి రాయి, లోపల ఖాళీ ఉండదు. ఫ్యాక్టరీకి కావాల్సింది స్పంజి లాగా లోపలంతా కంటికి కనిపించని రంధ్రాలున్న సిలికా. అలాంటిది ఒక్క గ్రాము తీసుకుని లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే మూడు, నాలుగు గుంటల నేలంత వస్తుంది. చిటికెడు పొడిలో నాలుగు గుంటల కొట్టం అన్నమాట. ఎన్ని ఎద్దులను కట్టుకోవచ్చో ఆలోచించండి.

కట్టే పద్ధతులు మూడు ఉన్నాయి. మొదటిది, ఊరికే అంటించడం. తడి గుడ్డకు పిండి అంటుకున్నట్టు ఎంజైము సిలికాకు అంటుకుంటుంది. ఖర్చు తక్కువ, కానీ నీళ్లు మారితే ఊడిపోతుంది. రెండోది, దొడ్లో పెట్టి తలుపు వేయడం. ఎంజైము చుట్టూ సిలికా వలలా అల్లుకునేలా చేస్తారు. చిన్న అణువులు లోపలికి, బయటికి తిరుగుతాయి, ఎంజైము మాత్రం బయటికి రాలేదు. మూడోది, గుంజ పాతి పలుపు వేయడం. సిలికా పైన సైలేన్ అనే రసాయనాన్ని గుంజలా నాటుతారు. దానికి గ్లూటరాల్డిహైడ్ అనే రెండు కొనల రసాయనాన్ని పలుపులా ముడివేస్తారు. ఒక కొన గుంజకు, రెండో కొన ఎంజైముకు. ఇది గట్టి కట్టు, తేలిగ్గా ఊడదు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఎద్దును మెడకు కట్టాలి గానీ మూతికి కట్టకూడదు. మూతికి కడితే మేత తినలేదు. ఎంజైముకు కూడా పని చేసే ‘నోరు’ ఒకటి ఉంటుంది. పలుపు అక్కడ పడితే ఎంజైము ఉన్నా లేనట్టే. అలాగే రంధ్రం మరీ ఇరుకైతే ఎంజైము లోపలికి పోదు, పోయినా దానికి మేత అందదు. అందుకే కట్టేసిన ఎంజైము వేగం కొంత తగ్గడం మామూలే. కానీ మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు కాబట్టి చివరికి లాభమే.

ఎక్కడెక్కడ వాడుతున్నారు?

మక్కల నుంచి తియ్యటి పాకం తీసే ఫ్యాక్టరీలు 1960ల చివరి నుంచి అమెరికాలో కట్టేసిన ఎంజైములు వాడుతున్నాయి. వనస్పతి లాంటి గట్టి కొవ్వులను చెడు చేసే ట్రాన్స్ కొవ్వు లేకుండా తయారు చేయడానికి, నూనెను మార్చే లైపేజ్ అనే ఎంజైమును సిలికా గుళికల మీద అంటించి అమ్ముతున్నారు. గుళికలను గొట్టంలో నింపి నూనెను పైనుంచి పంపితే కిందికి మారిన కొవ్వు దిగుతుంది. ఎంజైము గొట్టంలోనే ఉండిపోతుంది.

మన జిల్లాకు దగ్గరి సంగతి మందుల ఫ్యాక్టరీలది. అమాక్సిసిలిన్ లాంటి మందులకు ‘6-ఏపీఏ’ అనే ముడిసరుకు కావాలి. దాన్ని పెన్సిలిన్ నుంచి తీస్తారు. పాత పద్ధతిలో సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలో, ఘాటైన రసాయనాలతో పెన్సిలిన్‌ను విరిచేవారు. ఆ రసాయనాలు చివరికి మురుగులోకే. ఇప్పుడు గుళికలకు కట్టిన ఎంజైముతో, గోరువెచ్చటి నీళ్లలోనే ఆ పని జరుగుతోంది. గుళికలు సిలికావే కానక్కర లేదు, ప్లాస్టిక్ లాంటి రెజిన్‌వి కూడా వాడతారు.

రైతుకు దీనితో పనేమిటంటారా? పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల మురుగు వాగుల్లో పడి, నక్కవాగు మీదుగా మంజీరలో కలిసి, పొలాలు, బావులు పాడైన సంగతి ఉమ్మడి మెదక్ జిల్లా రైతులకు తెలుసు. ఆ గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. ఫ్యాక్టరీలో ఘాటు రసాయనం బదులు నీళ్లు, ఎంజైము వాడితే ఆ మేరకు మురుగు తగ్గుతుంది. దీనితో మురుగు సమస్య మొత్తం తీరిపోదు. కానీ ఇది మంచి దారి.

మన రేగడిలో ముందే ఉంది!

ఇప్పుడు పొలంలోకి వద్దాం. నల్లరేగడిలో బంకమన్ను ఎక్కువ. బంకమన్ను అంటే సిలికా, అల్యూమినా పొరలు పుస్తకం కాగితాల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండే ఖనిజం. స్వచ్ఛమైన రేగడి బంకమన్ను ఒక్క గ్రాములో పొరలన్నీ పరిస్తే ఏడు గుంటల దాకా వస్తుంది. ఎర్రనేలలో ఎక్కువగా ఉండే బంకమన్నుకు గుంటలో పదో వంతు, ఐదో వంతు మించదు.

సూక్ష్మజీవులు, వేర్లు వదిలిన ఎంజైములు ఈ పొరలకు, నేలలోని చివికిన సేంద్రియ పదార్థానికి అంటుకుంటాయి. ఎంజైమును తయారు చేసిన సూక్ష్మజీవి చచ్చిపోయినా, కట్టుబడిన ఎంజైము పని చేస్తూనే ఉంటుంది. ఫ్యాక్టరీవాళ్లు ఖర్చు పెట్టి చేసే పనిని నేల తనంత తానే చేసుకుంటోంది.

మరి బయటి నుంచి ఎంజైము తెచ్చి చల్లితే? 1977లో అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు జాంటువా, బ్రెమ్నర్ యూరియేజ్ మీద ఈ పరీక్షే చేశారు. ప్రతి నేలకూ తనదైన ఒక మట్టం ఉందని తేల్చారు. అదనంగా కలిపిన ఎంజైము కొన్నాళ్లకు నశించి, నేల మళ్లీ తన పాత మట్టానికే వచ్చింది. ఎందుకంటే కాపాడే గుంజలు ఎన్ని ఉంటే అన్ని ఎద్దులే నిలుస్తాయి. మిగతావాటిని సూక్ష్మజీవులు తినేస్తాయి.

కాబట్టి గుంజలు పెంచుకోవడం రైతు చేతిలో ఉన్న పని. బంకమన్నును మనం పెంచలేం. కానీ సేంద్రియ పదార్థాన్ని పెంచుకోవచ్చు. పశువుల ఎరువు, చెరువు మట్టి, జీలుగ, జనుము, కాల్చకుండా నేలలో కలిపిన కంది ఆకు, పత్తి కట్టె.. ఇవన్నీ కొత్త గుంజలు. ఎంజైములు చేసే సూక్ష్మజీవులకు మేత కూడా ఇవే.

యూరియా ఎందుకు గాలిలో కలుస్తోంది?

45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే సుమారు 20 కిలోల 700 గ్రాముల నత్రజని ఉంటుంది. పదునున్న నేల పైన యూరియా చల్లి వదిలేస్తే, పై పొరలోని యూరియేజ్ దాన్ని అక్కడికక్కడే అమ్మోనియాగా మారుస్తుంది. మట్టి కప్పు లేకపోతే అది గాలిలో కలుస్తుంది. సున్నం పాలు ఎక్కువున్న రేగడిలో ఈ నష్టం ఇంకా ఎక్కువ. బస్తాలో ఐదో వంతు, ఒక్కోసారి అంతకు మించి ఇలా పోవచ్చు. అదే యూరియా రెండు, మూడు అంగుళాల లోతున పడితే, పుట్టిన అమ్మోనియాను రేగడి మట్టే పట్టుకుని వేర్లకు అందిస్తుంది. ఎంజైము ఒకటే. పైన పడితే నష్టం, లోపల పడితే లాభం.

వేప పూత ఉంది కదా అనుకోవద్దు. 2015 నుంచి యూరియాకు వేప పూత తప్పనిసరి చేశారు. ఆ పూత ముఖ్యంగా అమ్మోనియా తర్వాతి మార్పును నెమ్మది చేసి, నీళ్లతో దిగిపోయే నష్టాన్ని తగ్గిస్తుంది. నేల పైన పడ్డ యూరియా ఆవిరి కాకుండా అది పూర్తిగా ఆపలేదు.

రైతు సోదరులు పాటించాల్సినవి

- పత్తి, మక్కలో యూరియాను మొదలుకు కొంచెం దూరంగా గుంతలో వేసి మట్టి కప్పాలి. చల్లక తప్పకపోతే వెంటనే గుంటుక తోలాలి.
- చిరుజల్లు పడి ఎండ కాసే రోజున పైన చల్లి వదలొద్దు. ఎక్కువ నష్టం అప్పుడే.
- వరిలో నీళ్లు తీసి, బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టాలి.
- వరికి 50 కిలోల యూరియాను 250 కిలోల తేమ మట్టితో కలిపి రెండు రోజులు ఉంచి చల్లితే నత్రజని ఎక్కువగా పైరుకు అందుతుంది. మట్టిలోని యూరియేజ్ యూరియాను మారుస్తుంది, మట్టే దాన్ని పట్టి ఉంచుతుంది.
- యూరియాలో సున్నం, బూడిద కలపొద్దు. అమ్మోనియా ఇంకా తొందరగా లేచిపోతుంది.
- మొత్తం ఒకేసారి కాకుండా దఫాలుగా వేసుకోవాలి.
- పచ్చి సోయాలో యూరియేజ్ దండిగా ఉంటుంది. సోయా పండించే రైతులు పచ్చి సోయా పిండిని యూరియా కలిపిన దాణాతో పశువులకు పెట్టొద్దు. కడుపులో అమ్మోనియా ఒక్కసారిగా పుట్టి పశువు ప్రాణానికే ముప్పు.

మీరే చూసుకోవచ్చు

రెండు గాజు సీసాలు తీసుకోండి. రెండింటిలోనూ పదునున్న రేగడి మట్టి సగం దాకా నింపండి. ఒకదాంట్లో చెంచా యూరియా పైనే చల్లండి. రెండోదాంట్లో అంతే యూరియాను మూడు అంగుళాల లోతున పెట్టి మట్టి కప్పండి. పసుపు నీళ్లలో ముంచిన తెల్ల గుడ్డ ముక్కలను తడిగానే లోపల వేలాడేలా పెట్టి మూత బిగించండి. రెండు, మూడు రోజులు చూడండి. అమ్మోనియా తగిలిన గుడ్డ ఎర్రబారుతుంది. ఏ సీసాలో గుడ్డ ముందుగా, ఎక్కువగా ఎర్రబారిందో చూస్తే మీ పొలంలో ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. సీసాలను పిల్లలకు, పశువులకు దూరంగా ఉంచండి. మళ్లీ ఇంట్లో వాడొద్దు.

మరి డబ్బా సంగతి?

అంగడిలో అడిగిన రైతుకు చెప్పింది ఇదే. ఎంజైము పనివాడే తప్ప బువ్వ కాదు. యూరియాలోని నత్రజనిని ఎంజైము పుట్టించలేదు. సగం యూరియా తగ్గించాలంటే ఒక్కో బస్తాకు పది కిలోల నత్రజని ఎక్కడినుంచో రావాలి. అరచేతిలో పట్టే డబ్బాలో అది ఉండదు.

రైజోబియం, భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా ప్యాకెట్లు వేరు, ఇవి వేరు. అవి జీవులు, నేలలో పెరుగుతాయి. ఎంజైము పెరగదు. పేరు చూసి రెండూ ఒకటే అనుకోవద్దు.

కొనాలనిపిస్తే మూడు ప్రశ్నలు అడగండి. డబ్బా మీద ఏ పదార్థం ఎంత ఉందో రాసి ఉందా? ఇలాంటి పంట ప్రేరకాలను (బయోస్టిమ్యులెంట్లు) కేంద్రం 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది, ఆ ప్రకారం అమ్మడానికి అనుమతి ఉందా? బిల్లు ఇస్తారా? మూడింట్లో ఏ ఒక్కదానికి జవాబు రాకపోయినా డబ్బా తిరిగి ఇచ్చేయండి. అనుమానం ఉంటే మండల వ్యవసాయాధికారికి గానీ, మీ క్లస్టర్ ఏఈఓకు గానీ చూపించండి. అయినా ముచ్చట తీరకపోతే ముందు రెండు గుంటల్లో వేసి, పక్కన రెండు గుంటలు వేయకుండా వదిలి తేడా చూసుకోండి. మూడెకరాలకూ ఒకేసారి పెట్టొద్దు.

‘‘అయితే గీ పైసలతోని రెండు బండ్ల ఎరువు కొట్టిస్త సారూ’’ అన్నాడా రైతు. డబ్బా సంచిలో వేసుకుని దుకాణం వైపు నడిచాడు, తిరిగి ఇచ్చేయడానికి.